బందెలదొడ్డిలో ధ్యాస

ఎర్రమెట్టపాలెంలో మనిషి ధ్యాస తప్పిపోతే బందెలదొడ్డికి వెళ్ళి విడిపించుకోవాలి. ఇందులో కొత్తేమీ లేదు. వెనకటి రోజుల్లో ఎవరి గేదో పక్కవాడి చేలో పడి మేస్తే పంచాయతీవాళ్ళు తోలుకొచ్చి దొడ్డిలో కట్టేసేవారు. యజమాని వచ్చి, నాలుగు చీవాట్లు తిని, తోలుకుపోయేవాడు. తరవాత ఊళ్ళో పశువులు తగ్గాయి, ఫోన్లు పెరిగాయి. గేదెల బదులు మనుషుల ధ్యాసలు పడి మేయడం మొదలైంది. ఎవరి పెళ్ళి వీడియోలోనో, ఎవరో కొన్న కారు పక్కనో, ముక్కూమొహం తెలియనివాళ్ళ తగాదాలోనో మేస్తూ దొరికేవి. దొడ్డి ఎలాగూ ఖాళీగా ఉంది కనక, పంచాయతీ తీర్మానంలో ‘పశువులు’ అని ఉన్నచోట ‘పశువులు, ధ్యాసలు’ అని చేర్చి సంతకాలు పెట్టారు. ఎవరూ ఆక్షేపించలేదు. ఆక్షేపించవలసినవాళ్ళ ధ్యాసలు అప్పటికే దొడ్డిలో ఉన్నాయి.

ధ్యాస చూడడానికి పాలు మరిచిన దూడంత ఉంటుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దేని రంగు దానిదే. కొన్నాళ్ళు బయట మేసిందా, అన్నీ ఒకే బూడిదరంగుకు తిరుగుతాయి. గుర్తుకోసం పశువులకు వేసినట్టు చెవిబిళ్ళలు పంపమని పంచాయతీ కార్యదర్శి మండలానికి రాసింది. బిళ్ళలు చెవులున్నవాటికి మాత్రమే ఇవ్వబడునని జవాబు వచ్చింది. దాంతో ఆ సంగతి అక్కడే ఆగింది.

మాలకొండయ్యకు తన ధ్యాస పోయిందని తెలియడానికి చాలాకాలం పట్టింది. పోయిందని కనిపెట్టాలన్నా అది ఉండాలి కదా. ఆయన పొగాకు రైతు. బ్యారన్ కొట్టంలో ఆకు కాలుస్తున్నప్పుడు మంట ఏమాత్రం ఎక్కువైనా పసుపుపచ్చగా రావలసిన ఆకు నల్లగా వస్తుంది. ఆ ఏడు అలాగే వచ్చింది. పొరపాటు కట్టెలదన్నాడు. అన్నం తింటూ తిన్నానా లేదా అని కంచంలోకి చూసుకున్నాడు. పొరపాటు కూరదన్నాడు.

అసలు చిక్కు కూతురి దగ్గర వచ్చింది. మోక్షిత ఆరో తరగతి. బడి సాగరు కాలువ వంతెనకు అవతల ఉంది. ఊరి పిల్లలందరూ తిరపతయ్య ఆటోలో వెళ్ళి వస్తారు. ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల నాన్న మంచం దగ్గర నిలబడి ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మాలకొండయ్య చేతిలో ఫోను ఉంది. ‘‘సరేలేమ్మా, చూద్దాం’’ అన్నాడు. మర్నాడు పొద్దున ఆటో వచ్చి హారను కొడితే పిల్ల ఎక్కలేదు. సంచీ వీపున వేసుకుని, కాలువ గట్టున పడి నడిచి పోయింది. ఆ తరవాత రోజూ అంతే. ఎండకు మొహం నల్లబడింది, మడమలు పగిలాయి, ఇంటికొచ్చేసరికి పుస్తకం మీదే తల వాల్చేసేది.

‘‘ఆటో ఎందుకు ఎక్కవే?’’ అని వాళ్ళమ్మ శేషారత్నం నిలదీసింది.

‘‘చెప్పా గదా.’’

‘‘ఎవరికి చెప్పావ్?’’

‘‘నాన్నకి.’’

‘‘నాకు చెప్పు మళ్ళా.’’

‘‘ఒకసారి చెప్పా. సరే అన్నాడు.’’ అంతే, ఇంక పెదవి విప్పలేదు.

శేషారత్నం మొగుడివైపు తిరిగింది. ‘‘ఏం చెప్పిందయ్యా నీకు?’’

మాలకొండయ్య ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ సాయంత్రం ఫోనులో ఎవరో ఒకాయన పెద్ద బాణలిలో కోడి వేపుతూ ఉప్పు ఎప్పుడు వేశాడో మాత్రం వరసగా గుర్తుంది. ఆ మాట బయటికి అనలేదు.

శేషారత్నం ధ్యాస తప్పిపోలేదు. ఇంట్లోనే ఉంది. కానీ అది పొయ్యికి కొంత, గేదెకు కొంత, బ్యారన్‌కు కొంత, మొగుడి మేనత్త పక్షవాతానికి కొంత, ముక్కలు ముక్కలుగా పంచి ఉంది. పిల్లకు కూడా ఒక ముక్క ఉంది. ఆ ముక్క జడ వేయడానికీ సద్ది కట్టడానికీ సరిపోయేది.

మాలకొండయ్యకు నిద్ర పోయి కూడా చాలాకాలమైంది. ఊరికే కోపం వచ్చేది, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. ఆసుపత్రిలో నర్సమ్మ రక్తపోటు చూసి, ‘‘ఫోను తగ్గించన్నా, అన్నీ సర్దుకుంటయ్’’ అంది. ఆయన బుద్ధిగా ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు. చేతులు ఖాళీ అయ్యాయి. మనసు మాత్రం ఎక్కడా కూర్చోలేదు. కూతురివైపు చూస్తూ కూర్చున్నాడు. చూపు పిల్ల మీదే ఉంది. పిల్ల జారిన జడ సవరించుకుంది, పెన్సిలు చెక్కుకుంది, పుస్తకం మూసింది. ఆయనకు ఒక్కటీ ఎక్కలేదు. ఖాళీ ఇంట్లో దీపం వెలిగినట్టుంది ఆ చూపు.

‘‘ఆ చూపేందయ్యా, భయమేస్తాంది’’ అంది శేషారత్నం. ‘‘ఫోను యాడ పెడితే ఏంది, ధ్యాసంటూ కొంపలో ఉంటే గదా! పో, పోయి దొడ్డిలో చూసుకో.’’

దొడ్డి కాపలాదారు పేరయ్య గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మాలకొండయ్యను చూసి లేవలేదు. ‘‘ఇప్పుడా వచ్చేది? ఎప్పుడో తోలినారు నీదాన్ని. ఎవరో సినిమా ఆయన కొత్తిల్లు కట్టుకుంటంటే ఆ మెట్ల మీద పండుకోనుందంట.’’

‘‘ఇయ్యి మరి, పోతా.’’

‘‘ఇయ్యి అంటే ఇచ్చేదానికి ఇదేమన్నా తలుగు తాడా? ఫోను తగ్గించావని మేడం చెప్పాల. లేకపోతే సాయంత్రానికల్లా మళ్ళా ఇక్కడికే వచ్చిద్ది. చాకిరీ ఎవరికి? నాకు.’’

మేడం అంటే పంచాయతీ కార్యదర్శి హిమబిందు. ముప్పై లోపు పిల్ల. బల్ల మీద మూడు ఫోన్లు మోగుతుంటే ఏదీ ఎత్తకుండా కూర్చుని ఉంది. ఫోను తగ్గింపు కార్యక్రమం కింద ఆయన్ను చేర్చుకుంది. దానికోసం ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తగ్గించినవాళ్ళు తగ్గించినట్టు పూటపూటకూ అందులో ఫొటో పెట్టాలి. ఫొటోలో మనిషీ, పక్కన పెట్టిన ఫోనూ రెండూ కనపడాలి.

మాలకొండయ్యకు ఒక సందేహం వచ్చింది. ‘‘ఫోను పక్కన పెట్టినాక ఫొటో దేంతో తీసేదమ్మా?’’

‘‘పక్కింటివాళ్ళ ఫోన్‌తో తీయించుకోండి.’’

‘‘వాళ్ళూ తగ్గిస్తన్నారు గదమ్మా.’’

‘‘అయితే వాళ్ళ ఫొటో మీరు తీయండి, మీ ఫొటో వాళ్ళు తీస్తారు. నన్ను విసిగించకండి మాలకొండయ్య గారూ. పైనుంచి నన్నూ అడుగుతారు. ఇంతమంది ఫోను తగ్గించారని నేను గంటగంటకీ ఫోనులో పెట్టాలి. లేకపోతే నాకు మెమో.’’

ఆ రోజులు ఎలా గడిచాయో మాలకొండయ్య ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. పొద్దున లేచి ఫోను పక్కన పెట్టిన ఫొటో పెట్టాలి. మిగతావాళ్ళ ఫొటోలన్నీ తెరిచి చూసి బొటనవేలు బొమ్మ పెట్టాలి. పెట్టనివాళ్ళకు తగ్గింపులో ఆసక్తి లేనట్టు లెక్క. ఎవరో ఒకాయన ఫోను నులకమంచం కింద పెట్టి, అది నిజంగా పక్కన పెట్టినట్టా కాదా అని మరొకరు అడిగితే, దానిమీద గ్రూపులో రెండు వర్గాలయ్యాయి. మాలకొండయ్య ఏ వర్గమో తేల్చమన్నారు. వెనక ఏ సాయంత్రమో చూసేవాడు, ఇప్పుడు తగ్గించినట్టు చూపించడానికే పొద్దు చాలడం లేదు. మోక్షిత గట్టున నడిచి వెళ్తూనే ఉంది, నడిచి వస్తూనే ఉంది.

చివరికి కార్యదర్శి తృప్తిపడింది. ఆయన ఫోను వాడకం బాగా తగ్గిందని గ్రూపులో ప్రకటించి, దొడ్డికి కబురు చేసింది. అయితే ధ్యాసను గుర్తుపట్టడానికి ఇంట్లో మనిషి సాక్షిగా రావాలి. సొంతదారు చెబితే చెల్లదు. సొంతదార్లు మంచివి చూసి నాదంటే నాదని కొట్టుకోవడం జరిగింది కనక ఆ నిబంధన పెట్టారు.

ముగ్గురూ కలిసి వెళ్ళారు. దొడ్డిలో గోడనుంచి గోడదాకా ధ్యాసలు నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. అన్నీ ఒకే పక్కకు, సెల్లు టవరు ఉన్న పక్కకు, మెడలు చాచి ఉన్నాయి. ఏదీ గడ్డి ముట్టడం లేదు. పేరయ్య విసుగ్గా గేటు తీశాడు.

‘‘చూడమ్మా శేషారత్నం. ఏది మీ ఆయనది?’’

శేషారత్నం కొంగు బొడ్లో దోపుకుని వాటి మధ్యన నడిచింది. ఒకదాని గడ్డం ఎత్తి చూసింది, వదిలేసింది. మరొకదాని వీపు నిమిరింది. వెనక్కి వచ్చింది.

‘‘నాకు తెలవదు.’’

‘‘అదేందమ్మా, మొగుడి ధ్యాస తెలవకపోతే ఎట్టా?’’

‘‘పెళ్ళయిన కొత్తలో చూశా. ఎర్రగా, కుదురుగా ఉండేది. వంట చేస్తంటే వచ్చి గుమ్మంలో పడుకునేది. అది పెద్దదై ఎట్టా ఉందో నాకేం తెలుసు? ఫోను కొన్నాక నాకు కనపడితేగా!’’

పేరయ్య పిల్లవైపు తిరిగాడు. ‘‘నువ్వు చూడు పాపా. త్వరగా. బోరు కట్టేయాల.’’

మోక్షిత లోపలికి వెళ్ళింది. మెల్లగా, ఒక్కోదాని ఎదురుగా ఆగి ఆగి నడిచింది. దేని మెడా ఇటు తిరగలేదు. ఆ మూల గోడవారన ఉన్న ఒకటి మాత్రం టవరు పక్కనుంచి తల తిప్పి పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల పక్కకు జరిగితే దాని చూపూ జరిగింది.

‘‘ఇదే’’ అంది మోక్షిత.

దాన్ని ఇంటికి తోలుకొచ్చి వసారాలో గుంజకు కట్టారు. పిల్ల సంచీ పక్కన పడేసి దాని ముందు కూర్చుంది. దాని మెడ నిమిరింది. తరవాత మొదలుపెట్టింది. దీపాలు పెట్టేవేళ దాకా చెబుతూనే ఉంది. చేతులు తిప్పుతూ చెప్పింది, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ధ్యాస కదలకుండా వింది. మాలకొండయ్య పక్కనే మంచం మీద కూర్చున్నాడు. గుండె మీది బరువు కొంత దిగినట్టనిపించింది. కూతురు తన ధ్యాసతో మాట్లాడుతోంది, అంటే తనతో మాట్లాడుతున్నట్టే. మధ్యమధ్య వంతెన అని, చక్రం అని మాటలు వచ్చి తగిలి, తూర్పారబట్టిన పొట్టులా ఎటో ఎగిరిపోయాయి. ధ్యాస కొత్తగా ఇల్లు చేరింది, కుదురుకోవడానికి టైము పడుతుందనుకున్నాడు.

బ్యారన్ నుంచి వచ్చిన శేషారత్నం గుమ్మంలోనే ఆగింది. ‘‘చెప్పిందా?’’

‘‘చెప్పింది.’’

‘‘ఏంది?’’

‘‘బాగా చెప్పింది’’ అన్నాడు మాలకొండయ్య.

మర్నాడు పిల్లల్ని బళ్ళో దించి, ఆటో తిరపతయ్య నేరుగా వాళ్ళింటికి వచ్చాడు. ఆటో దిగినవాడు దిగినట్టు అరుగు మీద కూలబడ్డాడు.

‘‘అన్నా, నా ధ్యాసను మీరు తోలుకొచ్చారు.’’

‘‘నోరు మూసుకో. మా పాప గుర్తుపట్టింది.’’

‘‘ఏం పట్టింది? నిన్న సాయంత్రం డీజిలు కొట్టిస్తంటే చెవిలో మీ పాప గొంతన్నా! ఎవరో ఆటోవాడు వంతెన మీద గూడా ఫోను చూస్తా తోలతన్నాడంట. మొన్నామధ్య చక్రం అంచురాయి ఎక్కి ఆటో కాలువవైపు ఒరిగిందంట. తను ముందుసీట్లో ఉందంట, కాళ్ళకింద నీళ్ళు కనపడినయ్యంట. ఆ ఎదవ అప్పుడు గూడా తలెత్తలేదంట. నాకు ఒళ్ళు మండింది. అట్టాంటోణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టాల అనుకున్నా.’’ అతను గుంజవైపు చూశాడు. ‘‘చివర్లో, తిరపతి మామ అంది.’’

గుంజకు కట్టిన ధ్యాస తిరపతయ్యవైపు నడవబోయి, తాడు అందక ఆగింది. శేషారత్నం ఆటో ముందుసీటువైపు చూసింది. భయం మాలకొండయ్యకు మిగతావాళ్ళకంటే ఆలస్యంగా అందింది.

‘‘ఇదా నీకు చెప్పింది!’’ అంది శేషారత్నం. ‘‘ఇదా నువ్వు సరేలేమ్మా అన్నది! అంత చెప్తే సరేనంటావా? నువ్వు మనిషివా, గోడవా?’’

‘‘ఆయన్ని అనబాక వదినా’’ అన్నాడు తిరపతయ్య. ‘‘బండి తోలింది నేను. నా ధ్యాసను నాకిస్తే తోలుకుపోతా. పిల్లకాయల్ని ఎక్కించుకోవాల గదా సాయంత్రం.’’

‘‘అదిస్తే మా పిల్ల ఎవరితో మాట్లాడిద్ది?’’ అన్నాడు మాలకొండయ్య. అన్నాక ఆ మాట తనకే ఎలాగో వినపడింది.

తగువు పంచాయతీ ఆఫీసుకు చేరింది. సాక్షి కనక బడినుంచి రాగానే మోక్షితనూ పిలిపించారు. కార్యదర్శి నుదురు పట్టుకుని విన్నది. మూడో ఫోను కూడా మోగడం మొదలుపెట్టింది.

‘‘అది మీ నాన్నది కాదని నీకు తెలుసా పాపా?’’

‘‘తెలీదు.’’

‘‘మరి ఎందుకలా చెప్పావు?’’

‘‘నన్ను చూసింది. నాన్నది గదా, నన్ను చూసిద్ది అనుకున్నా.’’

హిమబిందు మోగుతున్న మూడు ఫోన్లనూ బోర్లా తిప్పి పెట్టింది. ఆ తరవాత నిబంధన ప్రకారం నడుచుకుంది. తిరపతయ్య ధ్యాసను తిరపతయ్యకు అప్పగించాలి. అది ఆటోలో డ్రైవరు కాళ్ళదగ్గర కట్టి ఉండాలి, పిల్లలున్నంతసేపు విప్పకూడదు. మాలకొండయ్య ఇంటి తరఫున గుర్తింపు ఒకసారి జరిగిపోయింది కనక మరొకటి కుదరదు.

‘‘తప్పు గుర్తింపు గదమ్మా అది’’ అన్నాడు మాలకొండయ్య.

‘‘అప్పీలుంది. మీ ధ్యాసను ఈ మధ్య ఇంట్లో చూసిన మనిషి ఒక్కర్ని తీసుకురండి.’’

ఆయన ఊరంతా తిరిగాడు. మేనత్తను అడిగాడు, పొగాకు కూలీలను అడిగాడు, చిన్నప్పటి స్నేహితులను అడిగాడు. పక్కింటాయన, ‘‘నీతో మాట్లాడి ఎన్నాళ్ళయింది మామా! మొన్న మా నాయన చావుకొచ్చినప్పుడు గూడా నువ్వొక్కడివే వచ్చినావు, నీ ధ్యాస రాలా’’ అన్నాడు. ఇంకొకాయన తలెత్తకుండానే చూడలేదని చెప్పాడు. ఎవరూ దొరకలేదు. పొగాకు సీజను అయిపోవస్తుండగా, విడిపించుకోని ధ్యాసలను పంచాయతీ ఎప్పటిలాగే వేలం వేసింది. ఊరివాళ్ళు ఎవరూ పాడలేదు. పట్నంనుంచి వచ్చిన వ్యాపారి ఒకడు అన్నిటినీ గుత్తగా పాడుకున్నాడు. వాటినేం చేసుకుంటారని మాలకొండయ్య పేరయ్యను అడిగాడు.

‘‘ఏమో. ఒక్కోటి విడిగా దేనికీ పనికిరాదంట. మందగా ఉంటే మాత్రం మంచి గిరాకీ అంట’’ అన్నాడు పేరయ్య, తాళం తీస్తూ.

వాటిని ఎక్కించుకున్న లారీ కదిలింది. వాటిలో తనది ఏదో తెలియదు కనక మాలకొండయ్య అన్నిటికీ కలిపి చెయ్యి ఊపాడు.

ఆ తరవాత ఊళ్ళో పనులన్నీ సక్రమంగా సాగాయి. మోక్షిత మళ్ళీ ఆటో ఎక్కుతోంది. ముందుసీట్లోనే కూర్చుంటుంది. తిరపతయ్య వంతెన మీద నెమ్మదిగా, రోడ్డు చూసి తోలుతున్నాడు. బడిదాకా, మళ్ళీ బడినుంచి ఇంటిదాకా పిల్ల ఆగకుండా చెబుతూ ఉంటుంది. లెక్కల టీచరు తిట్టింది, ఎవరో జామెట్రీ బాక్సు తీశారు, పెద్దయ్యాక ఏమవుదామనుకుంటోంది, రాత్రి ఏం కల వచ్చింది. పిల్లలందరినీ దించాక తిరపతయ్య ఆటో నీడన ఆపుకుని, ఆరోజు పాప చెప్పిందంతా వాట్సాప్‌లో మాలకొండయ్యకు వాయిస్ పంపుతాడు. ఒక్క ముక్క వదలడు. ఇది వినడానికి మాలకొండయ్య తన ఫోను వాడుకోవచ్చని, దాన్ని తగ్గింపు కిందే పరిగణిస్తామని కార్యదర్శి ప్రత్యేక అనుమతి ఇచ్చింది. మాలకొండయ్యకు ఇప్పుడు నిద్ర పడుతోంది. రక్తపోటు కూడా దిగిందని నర్సమ్మ చెప్పింది.

నిన్న సాయంత్రం ఆటో ఆగేసరికి ఆయన వసారాలో మంచం మీద ఉన్నాడు. మోక్షిత పొట్ట పట్టుకుని నవ్వుతూ దిగింది. నవ్వుతూనే వచ్చి ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది. నవ్వు ఆపుకోలేక ఎక్కిళ్ళు కూడా వచ్చాయి.

‘‘ఏందమ్మా అంత నవ్వు?’’

‘‘మామకి చెప్పా’’ అంది పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

తిరపతయ్య ఇంకా ఇద్దరు పిల్లల్ని దించాలి. మాలకొండయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సంగతి ఎలాగూ వచ్చేస్తుంది కనక ముందుగానే కొంచెం నవ్వి, దానివైపు చూస్తూ కూర్చున్నాడు.